ఫెలీషియా డే తన కంపెనీ అమ్మేసుకుని బాగుపడిందా, నష్టపోయిందా? (యాక్టర్లు సొంతంగా ఛానెల్ పెట్టుకోవడం గురించి)

మాధవి_మణికొండ

అందరికీ నమస్తే. నేను సీరియల్స్‌లో చిన్నాచితకా వేషాలు వేస్తుంటా, డబ్బింగ్ కూడా చెప్తా, ఇంకో ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి యూట్యూబ్‌లో ఒక కామెడీ సిరీస్ చేశాం, అది బాగానే పోయింది, దాంతో ఒక డిజిటల్ కంపెనీ వాళ్ళు (పేరు వద్దులెండి) పిలిచి రెండో సీజన్ ఖర్చు మొత్తం మాది, ఛానెల్ మా నెట్‌వర్క్‌లో కలిపేయండి, కథ మీద క్యారెక్టర్ల మీద హక్కులు మావి, మీకు నెలనెలా జీతం అంటున్నారు. ఇంట్లో అందరూ తెగ సంబరపడిపోతున్నారు గానీ నాకే ఎందుకో మనసొప్పట్లేదు.

తెలిసిన డైరెక్టర్ ఒకాయన "అమెరికాలో ఫెలీషియా డే అని ఒకామె ఉంది, ముందు ఆమె కథ తెలుసుకో, సంతకం సంగతి తర్వాత" అన్నాడు. చూస్తే టీవీ యాక్టరంట, వెబ్ సిరీస్ తీసిందంట, గీక్ అండ్ సండ్రీ అని కంపెనీ పెట్టిందంట, పెద్ద స్టూడియోకి అమ్మేసిందంట, రెండేళ్ళకి అందులోంచి బయటికొచ్చేసిందంట. నాకు కావాల్సింది ఆ "అంట"ల మధ్యలో ఉన్నది. మొదట్లో డబ్బులు ఎక్కడివి? హక్కులు ఎవరి దగ్గర పెట్టుకుంది? అంత కష్టపడి కట్టుకున్నది ఎందుకు వదిలేసింది? ఆ రోజుల్లో ఫాలో అయినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

పాత_గేమర్

మాధవి గారూ, నేను ఉన్నానండీ. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్ పిచ్చిలో ఉన్న బ్యాచ్ మాది, ఆమె తీసిన వెబ్ సిరీస్ ది గిల్డ్ అప్పుడే చూశాం.

అసలు సంగతి ఏంటంటే ఆమె 2003లో బఫీ అనే టీవీ షో చివరి సీజన్‌లో చిన్న రోల్ చేసింది, యాడ్స్ చేసేది, అంటే మీలాగే పని దొరుకుతుంది గానీ ఎవరూ గుర్తుపట్టరు అనే స్టేజ్ అన్నమాట. ఆడిషన్లకీ ఆడిషన్లకీ మధ్య ఖాళీలో ఆ గేమ్‌లో పడింది, మామూలుగా పడటం కాదు, అదే వ్యసనం అయిపోయింది. దాంట్లోంచి బయటపడ్డాక ఆ అనుభవాన్నే టీవీ కోసం అరగంట పైలట్‌గా (శాంపిల్ ఎపిసోడ్) రాసింది. ఆరుగురు గేమర్లు, ఆన్‌లైన్‌లో తప్ప ఎప్పుడూ కలుసుకోని వాళ్ళు, ఒకరోజు నిజంగా కలుసుకోవాల్సొస్తే ఏమవుతుంది అని. టీవీ వాళ్ళకి ఇదేదో నలుగురు పిచ్చోళ్ళ గోలలా కనిపించింది. అప్పుడు కిమ్ ఈవీ అనే ఆవిడ, ఆమెకి అప్పటికే ఇంటర్నెట్ వీడియోల అనుభవం ఉంది, దీన్ని ముక్కలు చేసి యూట్యూబ్‌లో పెడదాం అని ఈమెని ఒప్పించింది. 2007 జులైలో మొదటి ఎపిసోడ్.

చూడకపోతే ఆ మొదటి ఎపిసోడ్ ఒక్కటి చూడండి. కోడెక్స్ అని ఆమె క్యారెక్టర్, వెబ్‌క్యామ్ ముందు కూర్చుని మనతో మాట్లాడుతుంది, వాళ్ళ థెరపిస్ట్ నీకు నేను వైద్యం చేయలేనమ్మా అని వదిలేసింది అని చెప్తుంది, కాసేపటికి గేమ్‌లో పరిచయమైన జాబూ అనేవాడు సామానుతో సహా గుమ్మంలో ప్రత్యక్షం. జాబూగా చేసింది సందీప్ పారిఖ్, మన ఇండియన్ మూలాలున్న కమెడియన్, వాడి మీద నిఘా పెట్టే వాళ్ళమ్మ క్యారెక్టర్ కూడా తర్వాత వస్తుంది, ఆవిణ్ణి చూస్తే మనిళ్ళల్లో ఎవరో ఒకరు గుర్తుకి రాక మానరు. నాలుగైదు నిమిషాల ఎపిసోడ్లు. పెద్ద సెట్టింగులేం లేవు, గదీ కంప్యూటరూ మొహాలూ అంతే. కెమెరా ముందు మనిషి నిజంగా ఆ లోకంలోంచి వచ్చింది అని గేమర్లకి తెలిసిపోయింది, అందుకే మేం అతుక్కుపోయాం.

డబ్బుల సంగతి: మొదటి మూడు ఎపిసోడ్లు సొంత డబ్బు. అక్కడితో జేబులు ఖాళీ. సైట్‌లో పేపాల్ బటన్ పెట్టారు, నచ్చితే ఇవ్వండి అని. ఆ సీజన్‌లో మిగతా ఎపిసోడ్లన్నీ దాదాపు చూసినవాళ్ళు పంపిన డబ్బుతోనే తయారయ్యాయి, జనం దగ్గర డబ్బు పోగుచేసే కిక్‌స్టార్టర్ సైట్ అనేదే ఇంకా పుట్టని రోజులు (అది 2009). బాగా పేరొచ్చాక కొనుక్కుంటాం అని వచ్చినవాళ్ళు ఉన్నారు, హక్కులు మాకే కావాలి అన్నారు, ఆమె ఇవ్వలేదు. 2008లో మైక్రోసాఫ్ట్ వచ్చింది, స్ప్రింట్ అనే ఫోన్ కంపెనీ స్పాన్సర్‌గా వచ్చింది, ఆ డీల్ ఎలా కుదిరిందంటే ఎపిసోడ్లు ముందు మైక్రోసాఫ్ట్ వాళ్ళ గేమింగ్ సర్వీస్ ఎక్స్‌బాక్స్ లైవ్‌లో వస్తాయి, కొన్నాళ్ళు వాళ్ళకి మాత్రమే, తర్వాత మిగతా చోట్ల పెట్టుకోవచ్చు, సిరీస్ మాత్రం ఆమెదే. మీ దగ్గరకొచ్చిన వాళ్ళని ఈ ఒక్కటి అడిగి చూడండి: ముందు చూపించుకునే హక్కు ఇస్తాం, కథ ఇవ్వం అని. మొహం ఎలా పెడతారో చూస్తే వాళ్ళకి కావాల్సింది ఏంటో తెలిసిపోతుంది.

ఆస్టిన్_బాబాయ్

పాత గేమర్ చెప్పింది అంతా కరెక్ట్, నేను దాని తర్వాతి కథ చెప్తా.

ముందు ఒక మాట, ఈ అమ్మాయి మా ఊరి యూనివర్సిటీయే, యూటీ ఆస్టిన్. చిన్నప్పుడు ఇంట్లోనే చదువు, 16 ఏళ్ళకే కాలేజీ, మ్యాథ్స్‌లోనూ వయొలిన్‌లోనూ రెండు డిగ్రీలు. మన తెలుగు తల్లిదండ్రులైతే ఆ మ్యాథ్స్ దగ్గరే తలుపు గడియ పెట్టేసేవాళ్ళు. అన్నీ పక్కన పెట్టి యాక్టింగ్‌కి లాస్ ఏంజెలెస్ వెళ్ళిపోయింది.

2008లో ఇంకోటి జరిగింది. హాలీవుడ్ రైటర్ల సమ్మె 2007 నవంబర్ నుంచి 2008 ఫిబ్రవరి దాకా, ఆ టైంలో బఫీ షో తీసిన జాస్ వీడన్ సొంత డబ్బుతో డాక్టర్ హారిబుల్ అని మ్యూజికల్ ఒకటి ఇంటర్నెట్ కోసమే ప్లాన్ చేశాడు, గిల్డ్ చూసే ఆ ఆలోచన వచ్చిందని ఆయనే చెప్పాడు, హీరోయిన్‌గా ఈమెనే పెట్టాడు. అంటే సినిమా టీవీ వాళ్ళు వెబ్ వైపు చూడటం మొదలయ్యేసరికి ఈమె ఆల్రెడీ అక్కడ కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది.

ఇక గీక్ అండ్ సండ్రీ. 2011 చివర్లో యూట్యూబ్ 100 మిలియన్ డాలర్లు పెట్టి టీవీ లాంటి ఛానెళ్ళు కొన్ని తయారు చేయిద్దాం అని స్కీం పెట్టింది. ఆ డబ్బుతోనే 2012 ఏప్రిల్‌లో ఇది మొదలైంది. కానీ ఆ డబ్బు దానం కాదు, అడ్వాన్స్. ఛానెల్ మీద యాడ్స్ డబ్బు వస్తే ముందు యూట్యూబ్ తన అడ్వాన్స్ రాబట్టుకుంటుంది, ఆ తర్వాతే మిగిలింది పంచుకోవడం. ఏడాది తిరిగేసరికి ఆ స్కీంలో చాలా ఛానెళ్ళకి రెండో విడత రాలేదు. ఇది తెలీకపోతే ఆమె ఎందుకు అమ్మిందో మనకి అర్థం కాదు. ఒక సిరీస్ నడిపే మనిషి ఇప్పుడు వారం వారం పది రకాల షోలు నింపాలి, జీతాలివ్వాలి, ఆఫీసు అద్దె కట్టాలి, చేతిలో ఉన్నదేమో అప్పులాంటి డబ్బు.

షోలు బాగోలేదా అంటే అదీ కాదు. విల్ వీటన్ అనే యాక్టర్ టేబుల్‌టాప్ అని చేసేవాడు, సెలబ్రిటీలు కూర్చుని బోర్డ్ గేమ్ ఆడతారు, అంతే షో. అందులో ఆడిన గేమ్ షాపుల్లో స్టాక్ అయిపోయేది, దానికి వీటన్ ఎఫెక్ట్ అని పేరే పడింది. అంత పేరున్న షోకి కూడా మూడో సీజన్ తీయడానికి 2014లో మళ్ళీ జనాన్నే అడిగారు, కిక్‌స్టార్టర్ లాంటిదే ఇండీగోగో అనే సైట్‌లో 5 లక్షల డాలర్లు అడిగితే 14 లక్షల పైన వచ్చాయి. చూశారా, యూట్యూబ్ డబ్బు వచ్చింది పోయింది, నిలబెట్టింది మాత్రం మొదట్లో పేపాల్ బటన్ నొక్కినలాంటి జనమే. అదే ఏడాది ఆగస్టులో లెజెండరీ ఎంటర్‌టైన్‌మెంట్ అనే హాలీవుడ్ స్టూడియో గీక్ అండ్ సండ్రీని కొనేసింది. ఎంతకి అనేది బయట పెట్టలేదు. ఇంకో యాక్టర్, కమెడియన్ క్రిస్ హార్డ్‌విక్ పెట్టిన నెర్డిస్ట్ అనే కంపెనీని వాళ్ళు 2012లోనే కొనేశారు, రెండూ ఒకే గూట్లోకి చేరాయి.

ఎందుకు వదిలేసింది అంటే, 2015లో వచ్చిన ఆత్మకథలో ఆమే చెప్పుకుంది, ఆ కంపెనీ నడిపిన రోజుల్లో ఆందోళన, డిప్రెషన్ ఏ స్థాయికి వెళ్ళాయో. గిల్డ్ చివరి సీజన్ రాయడం, ఛానెల్ నడపడం, రెండూ ఒకే టైంలో మీద పడ్డాయి. దానికి తోడు 2014 అక్టోబర్‌లో గేమర్‌గేట్ గొడవ (గేమింగ్‌లో ఉన్న ఆడవాళ్ళని ఆన్‌లైన్‌లో వేధించారే, అది), ఈ గొడవ గురించి మాట్లాడాలంటేనే భయమేస్తోంది అని బ్లాగ్‌లో రాస్తే కాసేపటికే ఎవడో కింద కామెంట్లలో ఆమె ఇంటి అడ్రస్ పెట్టేశాడు. కంపెనీ ఓనర్ అయితే ఆఫీసులో కూర్చోవచ్చు, మొహమే కంపెనీ అయినవాళ్ళకి ఆ చాయిస్ ఎక్కడిది. 2016లో బయటికొచ్చేసింది.

కూకట్‌పల్లి_కిరణ్

మీరందరు ఆమెను చూసి అయ్యో పాపం అంటున్నట్టు కొడ్తున్నది నాకు. పాపం ఏముంది దీంట్ల? పేపాల్ బటన్‌తోని మొదలుపెట్టిన మనిషి ఏడేండ్లల్ల కంపెనీ కట్టి హాలీవుడ్ స్టూడియోకి అమ్మింది. గిది గెలుపు కాకపోతే ఇంకేంది?

ఇంకో మనిషిని చూడుండ్రి. బ్రయన్ రాబిన్స్. 80లల్ల హెడ్ ఆఫ్ ది క్లాస్ అనే టీవీ షోల స్టూడెంట్ వేషం వేసిండు. తర్వాత డైరెక్టర్ అయిండు, ప్రొడ్యూసర్ అయిండు, 2012ల ఆసమ్‌నెస్ టీవీ అని పెట్టిండు, గదే ఏడు, గదే యూట్యూబ్ స్కీం పైసలు. ఏడాది తిరగంగనే 2013ల డ్రీమ్‌వర్క్స్ యానిమేషన్‌కి అమ్మిండు, ముందు 33 మిలియన్ డాలర్లు చేతికి, టార్గెట్లు కొడ్తే ఇంకా ఇస్తం అని. 2016ల వెరైజన్ వాటా కొన్నప్పుడు కంపెనీ విలువ 650 మిలియన్లు అని లెక్క కట్టిండ్రు. 2018ల వయాకామ్ కొన్నప్పుడు అంతకి ఎంతో తక్కువకి పోయింది, కానీ అప్పటికే మనోడు దాంట్లకెళ్లి బయటపడి గా వయాకామ్‌లనే పెద్ద పోస్టుల ఉన్నడు. 2021ల పారామౌంట్ పిక్చర్స్‌కి సీఈవో అయిండు. గట్లుండాలె అమ్ముడంటే. ధర మీద ఉన్నప్పుడే చేతులు దులుపుకోవాలె.

మాధవక్కా, నువ్వు నీ కథను బిడ్డ లెక్క చూస్తున్నవ్. అవతలోడు పైసలు పెడ్తనంటే తీస్కో, ఈ సిరీస్ వాళ్లకిచ్చెయ్, రేపు ఇంకోటి రాస్కో. రాసే చెయ్యి నీ దగ్గర్నే ఉంటది కదా.

పాత_గేమర్

కిరణ్ బ్రో, రాబిన్స్ లెక్క వేరు. ఆయన యాక్టింగ్ ఎప్పుడో మానేశాడు. ఆసమ్‌నెస్‌లో జనం చూడటానికి వచ్చింది వేరే వేరే పిల్లల్ని, ఆయన్ని కాదు, ఆయన వెళ్ళిపోయినా మర్నాడు వీడియో వస్తుంది. ఫెలీషియా విషయంలో కొన్నవాడు కొన్నది సగం ఆమె మొహాన్నే. నిన్న దాకా మనసుకి తోచింది తీసినామె, ఇవాళ్టి నుంచి పైవాళ్ళకి లెక్క చెప్పాలి. మాధవి గారు రాబిన్స్ పొజిషన్‌లో లేరు, రాసేది ఆవిడే, చేసేది ఆవిడే, డబ్బింగ్ కూడా ఆవిడేనేమో.

మాధవి_మణికొండ

డబ్బింగ్ నాదే 😄 ముగ్గురు ఆడవాళ్ళ గొంతులు నేనే చెప్పా.

కిరణ్ తమ్ముడూ, నువ్వన్నది కొట్టిపారేయట్లేదు, మాకు ఇంటి అద్దెలు ఈఎంఐలు ఉన్నాయి, నెల జీతం అంటే చిన్న విషయం కాదు. కానీ వాళ్ళు పంపిన డ్రాఫ్ట్‌లో ఒక లైన్ ఉంది, ఈ క్యారెక్టర్లతో గానీ వీటిని పోలిన క్యారెక్టర్లతో గానీ మేం ఇంకెక్కడా ఏమీ చేయకూడదు అని. పోలినవి అంటే ఎంత దూరం? నా అత్త క్యారెక్టర్ మా అమ్మమ్మ యాసలో మాట్లాడుతుంది, రేపు ఇంకో సిరీస్‌లో ఆ యాస వాడితే కేసేస్తారా? రాసే చెయ్యి నాదే గానీ దానికి తాళం వేస్తున్నారు కదా. లాయర్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?

లా_పాయింట్

నేను హైకోర్టులో ప్రాక్టీస్ చేస్తున్నానండీ, సినిమా అగ్రిమెంట్లు అప్పుడప్పుడు చూస్తుంటా. మీ డ్రాఫ్ట్ చూడకుండా సలహా ఇవ్వకూడదు, జనరల్‌గా చెప్తా.

మన కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం ఎవరైనా డబ్బిచ్చి సినిమా (మీ వీడియోలు కూడా అందులోకే వస్తాయి) తీయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే మొదటి ఓనర్ ఆ తీయించుకున్నవాళ్ళే. ఉద్యోగంలో భాగంగా రాసినదానికి కూడా దాదాపు అదే సూత్రం, జీతం అన్నారంటే అందులో ఈ మెలిక ఉండొచ్చు. అందుకే మీ మొదటి సీజన్ వేరు, రెండో సీజన్ వేరు. మొదటిది మీ డబ్బుతో తీసుకున్నారు కాబట్టి అది మీ ముగ్గురిదే, ముగ్గురి మధ్య ఒక కాగితం రాసుకున్నారా లేదా? రాసుకోకపోతే కంపెనీ వాళ్ళ సంగతి తర్వాత, ముందు ఆ పని చేయండి, ఫ్రెండ్స్ మధ్య గొడవలే నా దగ్గరికి ఎక్కువ వస్తాయి.

ఇంకోటి, సెక్షన్ 19. హక్కులు ఎన్నేళ్ళకి ఇస్తున్నారో అగ్రిమెంట్‌లో రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్ళు అనుకుంటుంది, ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే అనుకుంటుంది. ఇది తెలుసు కాబట్టే అవతలివాళ్ళు "శాశ్వతంగా, విశ్వమంతటా" అని రాస్తారు. నవ్వకండి, నిజంగానే విశ్వం అని ఉంటుంది. అక్కడ గీత కొట్టి 3 ఏళ్ళు అనో 5 ఏళ్ళు అనో రాయమని అడగండి. పోలిన క్యారెక్టర్లు అన్న లైన్ పూర్తిగా తీసేయమనండి, ఒప్పుకోకపోతే పేర్లు రాయమనండి, ఫలానా నాలుగు క్యారెక్టర్లు అని. యాస మీద ఎవరికీ కాపీరైట్ లేదు, కానీ అగ్రిమెంట్‌లో మీరే ఒప్పుకుని సంతకం పెడితే అది కాపీరైట్ గొడవ కాదు, కాంట్రాక్ట్ గొడవ, అది ఇంకా చిరాకు.

ఆస్టిన్_బాబాయ్

లాయర్ గారు చెప్పింది బంగారం. అన్నట్టు పేపాల్ బటన్ అని ఉత్సాహపడకండి, పేపాల్ మన దేశం లోపల చెల్లింపులు 2021 ఏప్రిల్ 1 నుంచి ఆపేసింది, విదేశాల నుంచి వచ్చేవి మాత్రమే. ఇక్కడివాళ్ళకి యూపీఐ క్యూఆర్ పెట్టండి, మా లాంటి బయటివాళ్ళ కోసం ఛానెల్ మెంబర్‌షిప్ ఆన్ చేయండి. లాంగ్ వీడియోల మీద యాడ్స్‌లో 55 శాతం మీకొస్తుంది, షార్ట్స్ అయితే 45. నెట్‌వర్క్‌లో కలిస్తే ఆ 55లోంచి వాళ్ళు మళ్ళీ ఎంత కోస్తారో ఆ అంకె రాతపూర్వకంగా అడగండి.

పాత_గేమర్

అసలు చెప్పాల్సింది ఒకటి మర్చేపోతున్నాం, క్రిటికల్ రోల్ అనే షో.

గీక్ అండ్ సండ్రీ నుంచి వచ్చినవాటిలో అన్నిటికన్నా పెద్దది అదే. కొందరు వాయిస్ యాక్టర్లు, అంటే మాధవి గారూ, అచ్చం మీ డబ్బింగ్ బ్యాచ్ లాంటోళ్ళే, ఇంట్లో సరదాగా డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (టేబుల్ చుట్టూ కూర్చుని కథ అల్లుకుంటూ ఆడే గేమ్) ఆడుకునేవాళ్ళు. ఫెలీషియాకి తెలిసి మా ఛానెల్‌లో లైవ్ ఆడండి అని పిలిచింది. 2015 మార్చిలో ట్విచ్ అనే లైవ్ వీడియో సైట్‌లో మొదలైంది, మూడు నాలుగు గంటలు టేబుల్ చుట్టూ కూర్చుని మాట్లాడటమే, ఎడిటింగ్ లేదు ఏమీ లేదు. అప్పటికే కంపెనీ లెజెండరీ చేతిలో ఉంది. కానీ ఆ షో యాక్టర్లు షోని తమ దగ్గరే పెట్టుకున్నారు. 2018లో సొంత ఛానెల్ మొదలుపెట్టారు, 2019 కల్లా పూర్తిగా విడిపోయారు, ఆ మార్చిలో యానిమేషన్ కోసం కిక్‌స్టార్టర్‌లో 7.5 లక్షల డాలర్లు అడిగితే గంటలోపే దాటేసి చివరికి 1.13 కోట్ల డాలర్లు వచ్చాయి. 2022లో అమెజాన్ ప్రైమ్‌లో సిరీస్ కూడా వచ్చింది. లెజెండరీ ఏమో ఆల్ఫా అని నెలకి చందా కట్టే సర్వీస్ ఒకటి పెట్టి 2019లో మూసేసింది.

అంటే కంపెనీ కొన్నవాడికి ఛానెల్ పేరు మిగిలింది, షో మాత్రం ఆడేవాళ్ళ వెంట నడిచెళ్ళిపోయింది. 2008లో మైక్రోసాఫ్ట్ ముందు ఫెలీషియా పట్టిన పట్టే వీళ్ళూ పట్టారు.

కూకట్‌పల్లి_కిరణ్

గదే నేను కూడా చెప్తున్న కదనే. 2019 కల్లా పెద్ద షో చేజారిపోయే సామాను 2014ల అమ్మిందంటే టైమింగ్ ఎవరిది? నష్టం కొన్నోడు మోసిండు. ఆమె సూపర్‌నాచురల్ అనే టీవీ షోల చేసింది, మిస్టరీ సైన్స్ థియేటర్ అనే పాత షో మళ్ళ షురూ అయినప్పుడు దాంట్ల విలన్ అయింది, పుస్తకాలు రాసింది. మంచిగనే ఉన్నది.

కానీ ఆ పోలిన క్యారెక్టర్ల లైన్ మాత్రం ఒప్పుకోకు అక్కా. అది సూడలే నేను ముందు.

మాధవి_మణికొండ

అందరికీ థాంక్స్. లాయర్ గారూ, ముగ్గురి మధ్య కాగితం లేదు, ఈ ఆదివారం కూర్చుంటున్నాం. కంపెనీ వాళ్ళకి మెయిల్ పెట్టా, రెండో సీజన్ మీ దగ్గర ముందు వస్తుంది, ఆరు నెలలు మీకు మాత్రమే, క్యారెక్టర్లు మావే, జీతం వద్దు ఎపిసోడ్‌కి ఇంత అని. "టీమ్‌తో మాట్లాడి చెప్తాం" అన్నారు.

పాత గేమర్ గారూ, గిల్డ్ మొత్తం ఎన్ని సీజన్లు, ఎక్కడ ఆపితే పర్లేదు?

పాత_గేమర్

ఆరు సీజన్లండీ, 2013లో అయిపోయింది. మూడో సీజన్‌లో విల్ వీటన్ ఎదురు గ్యాంగ్ లీడర్‌గా దిగుతాడు, అక్కడిదాకా వస్తే మీరే ఆపరు. మీ సిరీస్ లింక్ పెట్టండి ముందు, ఇంతసేపు మాట్లాడుకున్నాం, ఒక్కరూ అడగలేదు.